గోదారి ఒడ్డున పాత వోల్వో కొనొచ్చా?

చేతిలో పదిహేను లక్షలున్నాయి. కొత్త బండి అంటే మధ్యరకం ఎస్‌యూవీ ఒకటి వస్తుంది, అదీ సన్‌రూఫ్ ఉన్నదా లేనిదా అని లెక్కలేసుకుంటూ. అదే డబ్బుకు, ఒకప్పుడు నలభై లక్షలు పలికిన జర్మన్ బండి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. ఈ ఆశ జూబ్లీహిల్స్ దాటి ఎప్పుడో ఇటు వచ్చేసింది. సారపాక పేపర్ మిల్లులో రిటైరై పీఎఫ్ అందుకున్నవాళ్లు, మిర్చి కలిసొచ్చిన రైతులు, కొడుకు విదేశంలో ఉన్న తండ్రులు భద్రాచలం పక్కనున్న బూర్గంపాడు సెంటర్లో టీ తాగుతూ మాట్లాడుకునే విషయాల్లో ఇదీ ఒకటి. అందులోనూ కొందరికి వ్యాగన్ మీద మోజు. అటు కారు సుఖం, ఇటు సామాను జాగా, పైగా ఊళ్లో ఇంకెవరికీ లేని బండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడ అసలు సిసలు లగ్జరీ వ్యాగన్ కొనగలం గానీ పోషించలేం. వ్యాగన్ చేసే పని దాదాపు అంతా చేస్తూ పైకి మామూలు సెడాన్‌లా కనిపించే బండ్లు రెండున్నాయి, వెతికితే వాటిని వెతకాలి. ఎందుకన్నది వివరంగా చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

ముందు వ్యాగన్ ఎందుకు అన్నది చూద్దాం. కారు పైకప్పు వెనక డోరు దాకా సాగి, డిక్కీ, కూర్చునే గది ఒకటైపోయిన బండి ఇది. వెనక సీట్లు మడిస్తే మంచం పట్టెలు, పైపులు, వాషింగ్ మెషీన్ లోపలే పడతాయి. పాతిక కిలోల బియ్యం బస్తాను మోకాలి ఎత్తుకు లేపి లోపలికి తోస్తే చాలు. ఎస్‌యూవీలో అదే బస్తాను నడుము దాకా ఎత్తాలి. ఇంకో ముఖ్యమైన సంగతి ముసలివాళ్లది. మోకాళ్లు అరిగిన మనిషిని ఖమ్మం ఆసుపత్రికో హైదరాబాద్‌కో తీసుకెళ్లాలంటే ఎస్‌యూవీ ఎక్కించడం ఒక తతంగం: ఫుట్‌బోర్డు మీద కాలు, పైన హ్యాండిల్, వెనక నుంచి ఒకరి ఆసరా. వ్యాగన్‌లో సీటు నడుము కింద ఉంటుంది, కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే సరి. మూడొందల కిలోమీటర్ల ప్రయాణంలో బండి ఊగడం కూడా తక్కువ. ఇవన్నీ నిజమైన లాభాలే. ఇంతమంది ముసలి తల్లిదండ్రులున్న జిల్లాలో ఈ లెక్క ఎవరూ వేయకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

మరి మన దేశంలో వ్యాగన్ ఎందుకు నిలబడలేదు? ప్రయత్నాలు చాలానే జరిగాయి. టాటావాళ్లు 1991లో సియెర్రా తెచ్చి, మరుసటి ఏడాది ఎస్టేట్ తెచ్చారు. పికప్ చాసిస్ మీద 1.9 లీటర్ల డీజిల్ ఇంజన్, పవర్ విండోలు, ఆ రోజుల్లో కళ్లు తిప్పుకోనివ్వని పొడుగు. దూరం నుంచి చూస్తే మెర్సిడెస్ వ్యాగన్ అనుకునేలా గీశారు. బరువుకు తగ్గ బలం ఇంజన్‌లో లేదు. ఆ తర్వాత మారుతి బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, ఫియట్ వీకెండ్ వరుసగా వచ్చాయి, వరుసగా పోయాయి. 2004లో టాటా ఇండిగో మెరీనా వచ్చింది. ఆ దశకంలోనే స్కోడా ఆక్టేవియా కాంబి కూడా కొద్దికాలం దొరికింది. ఆ తరంలో లగ్జరీ అనదగ్గ వ్యాగన్ అదొక్కటే.

వీటన్నిటినీ ముఖ్యంగా ఒక జబ్బు చంపింది. మనవాళ్లకు డిక్కీ విడిగా పొడుచుకొచ్చి కనపడితేనే కారు. వెనక నిలువుగా కోసేసినట్టు ఉంటే అది అంబులెన్సో, సామాను బండో. పెళ్లివారి ముందు ఆగాల్సిన బండి అలా ఉండకూడదు. పన్ను కూడా దెబ్బ కొట్టింది. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజన్ కార్లకు ఎక్సైజు తగ్గింది. దాంతో కంపెనీలన్నీ బండిని కత్తిరించే పనిలో పడ్డాయి. అదే ఇండిగోను తోక కోసి 2008లో సీఎస్‌గా అమ్మారు. పొడుగు పెంచి వ్యాగన్ చేయాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. ఈలోగా 2000లో వచ్చిన క్వాలిస్, 2005లో దాని స్థానంలో వచ్చిన ఇన్నోవా, సామాను, జనం అనే రెండు పనులనూ ఎగరేసుకుపోయాయి.

ఈ పాతవాటిలో ఏదైనా ఇప్పుడు దొరికితే ముచ్చటకు కొనుక్కోవచ్చు. ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క బండిగా మాత్రం కాదు. పదిహేనేళ్లు దాటితే ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ ఉండనే ఉన్నాయి. కోర్సా స్వింగ్ టెయిల్ లైటు పగిలితే దేశమంతా వెతకాలి.

ఇక అసలు లగ్జరీ వ్యాగన్లు. ఇవి మన దేశంలోకి ఆలస్యంగా, అతి కొద్దిగా వచ్చాయి. 2017 జూలైలో వోల్వో వీ90 క్రాస్ కంట్రీని అరవై లక్షలకు తెచ్చింది. రెండు లీటర్ల డీజిల్, 235 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి, నేలకు 210 మిల్లీమీటర్ల ఎత్తు. మరుసటి ఏడాది మెర్సిడెస్ ఈ క్లాస్ ఆల్ టెర్రైన్ డెబ్బై అయిదు లక్షలకు దిగింది. దానికి ఎయిర్ సస్పెన్షన్, 640 లీటర్ల డిక్కీ. ఆడీ ఆర్‌ఎస్6 అవాంట్ కూడా వచ్చింది గానీ అది కోటి దాటిన రేసు బండి, మన లెక్కలోకి రాదు. వోల్వో, మెర్సిడెస్ రెండూ ఎక్కువ రోజులు నిలవలేదు. బీఎస్6 నిబంధనలు వచ్చిన కాలానికి కాస్త అటూ ఇటూగా కనుమరుగయ్యాయి.

యూరప్‌లో సంగతి వేరు. మెర్సిడెస్ 1977లోనే సొంత ఫ్యాక్టరీ వ్యాగన్ మొదలుపెట్టింది. అదే ఏడాది ఆడీ అవాంట్ పేరు పుట్టింది. వోల్వో పేరు చెబితే ఇప్పటికీ అక్కడివాళ్లకు పెట్టెలాంటి 240 వ్యాగనే గుర్తొస్తుంది. పదేళ్ల పాత మెర్సిడెస్ వ్యాగన్‌ను స్టుట్‌గార్ట్‌లో మామూలు ఉద్యోగి కొంటాడు, ఎందుకంటే వీధి చివర షెడ్డులో దాన్ని విప్పి బిగించేవాడు ఉంటాడు, స్పేర్ పార్టు సాయంత్రానికి ఇంటికొస్తుంది. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు ఫోన్ చేసి "నాన్నా, వ్యాగన్ తీసుకో, ఎస్‌యూవీ దండగ" అంటారు. వాళ్లు చెప్పేది వాళ్లున్న చోట నిజమే. అక్కడ వాడిన బండినే ఓడెక్కించి పంపుదామనుకుంటే అదీ సాగదు. మూడేళ్లకు మించి పాతదైన కారును దిగుమతికి ఒప్పుకోరు, స్టీరింగు కుడివైపు ఉండాలి, పైగా సుంకం బండి ధరను మించిపోతుంది.

ఇక్కడ బేరం ఎక్కడ తప్పుతుందో చూద్దాం. కొత్త లగ్జరీ బండి ధర పడిపోయే వేగం చూసే మనం మోజుపడతాం. బీమా కంపెనీలు వాడే పట్టికలోనే బండి విలువ రెండో ఏడాదిలో 20 శాతం, మూడో ఏడాదిలో 30, అయిదో ఏడాదిలో 50 శాతం తగ్గించి లెక్కగడతారు. ఆ తర్వాత కంపెనీ, ఓనరు మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. బజారులో ఇంకా కిందికి పడుతుంది. కానీ పడేది బండి ధర ఒక్కటే. బంపర్ ధర, హెడ్‌లైటు ధర, గేర్‌బాక్స్ ఆయిల్ ధర అరవై లక్షల బండి ధరలుగానే ఉండిపోతాయి. పదిహేను లక్షలకు కొన్న బండికి అరవై లక్షల బండి ఖర్చు వస్తుంది, అది భరించే శక్తి మొదటి ఓనరుకుంది కాబట్టే ఆయన కొన్నాడు. ఖర్చులు మొదలయ్యే వేళకు అమ్మేశాడు కూడా.

బూర్గంపాడు నుంచి చూస్తే దీనికి దూరం తోడవుతుంది. ఈ కంపెనీల సర్వీసు కావాలంటే హైదరాబాద్ సుమారు మూడొందల కిలోమీటర్లు, లేదంటే విజయవాడ. ఆల్ టెర్రైన్ ఎయిర్ సస్పెన్షన్ ఓ మూల దిగబడితే బండిని నడుపుకుంటూ వెళ్లలేం, లారీ మీద ఎక్కించాలి. చాలా బీఎండబ్ల్యూలకు స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లే. పాల్వంచ దాటాక జాతీయ రహదారి 30 మీద రాత్రిపూట గుంటలో పడి టైరు పక్క చీలిందంటే ఆ సైజు టైరు పొద్దున్నే దొరికే చోటు దగ్గర్లో లేదు. ఆ రోడ్డు మీద బొగ్గు, బూడిద, ఇసుక, కర్ర లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. అంచులు విరుగుతాయి, గుంటలు పడతాయి. ఊళ్లలోకి మళ్లితే స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇష్టం వచ్చిన ఎత్తులో వాళ్లు పోసుకున్నవి. సన్న అంచు టైర్లు, పెద్ద రిమ్ములున్న బండికి ఇవి పగ పట్టినట్టే. ఈ ఒక్క విషయంలో మాత్రం వీ90కి మార్కులు వేయాలి, ఎత్తు సరిపోతుంది.

కాబట్టి అలాంటి బండే కావాలనుకుంటే, చేతిలో ఉన్నదాంట్లో కనీసం మూడో వంతు పక్కన పెట్టుకుని కొనాలని నా లెక్క. పదిహేను ఉంటే పదికే బేరం చేయాలి. పదికి వీ90 రాదు. అందుకే ఆ మాట ఇక్కడితో ముగుస్తుంది.

ఈ సరిహద్దు మండలంలో మరో పెద్ద ఖర్చు ఉంది, చాలామంది దాన్ని బయానా ఇచ్చాక గాని గుర్తించరు. అది లైఫ్ ట్యాక్స్. వేరే రాష్ట్రం బండిని తెలంగాణకు మార్చుకుంటే మళ్లీ ఇక్కడ పన్ను కట్టాలి. ఆ పన్ను మనం కొన్న ధర మీద వేయరు. బండి కొత్తగా ఉన్నప్పటి అసలు ధర తీసుకుని, దాని వయసును బట్టి శాతం వేస్తారు. నలభై లక్షల బండిని పన్నెండుకు కొన్నామనుకోండి. వయసు లెక్కలో పది శాతమే పడిందనుకున్నా నాలుగు లక్షలు, అంటే కొన్న ధరలో మూడో వంతు. మారుతి స్విఫ్ట్‌కు ఈ తేడా అంతగా తెలియదు. లగ్జరీ బండికి నడుం విరుగుతుంది. మొదటి రాష్ట్రం నుంచి మిగిలిన కాలానికి కొంత వాపసు అడిగే వీలు కొన్నిచోట్ల ఉంది, అది చేతికందేదాకా తిరిగే ఓపిక ఉండాలి.

మామూలుగా ఇది దూరాభారం రాష్ట్రాల సమస్య. బూర్గంపాడులో ఇది పక్క ఊరి సమస్య. 2014లో పోలవరం ముంపు పేరుతో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతోపాటు బూర్గంపాడు మండలంలోని ఆరు గ్రామాలు కూడా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. కాబట్టి బావమరిది ఊరు నుంచి తెచ్చుకున్న బండి కూడా వేరే రాష్ట్రం బండి కావచ్చు. నంబరు ప్లేటు చూసి తేల్చుకోవడమూ అంత తేలిక కాదు. ఏపీ 20 అంటే పాత ఖమ్మం జిల్లా నంబరు. ప్లేటు మీద ఏపీ ఉన్నా బండి మనదే కావచ్చు, అదే నంబరుతో అవతలి మండలాల్లో ఉండిపోయినవీ ఉంటాయి. ఏపీ 37, ఏపీ 16, ఏపీ 5 అయితే గోదావరి, కృష్ణా జిల్లాలవి. ఏపీ 39 అయితే 2019 తర్వాత రాష్ట్రమంతటికీ ఒకే కోడు పెట్టాక వచ్చింది. టీఎస్ 04 ఖమ్మం, టీఎస్ 28 భద్రాద్రి కొత్తగూడెం. 2024 మార్చి నుంచి టీజీ. ప్లేటు చూడడం మొదటి మెట్టు మాత్రమే. ఆర్సీలో ఏ ఆఫీసు పేరుందో చదవాలి. వేరే రాష్ట్రం ప్లేటుతోనే నడుపుకుందాం అనేవాళ్లూ ఉన్నారు. చట్టం పన్నెండు నెలల గడువిస్తుంది, ఆ తర్వాత ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. మధ్యలో ఆపినచోటల్లా సమాధానం చెప్పుకోవాలి.

దీనికి ఢిల్లీ బండ్ల కథ తోడు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025లో సుప్రీంకోర్టే దాన్ని సడలించేదాకా, గడువు దగ్గరపడిన ఖరీదైన డీజిల్ బండ్లు చవగ్గా దక్షిణాదికి దిగుతూ వచ్చాయి. వాటిలో బాగున్నవీ ఉంటాయి. ఎన్‌ఓసీ అసలుదా, బ్యాంకు ఫైనాన్స్ తీరిందా, ఫారం 35 ఉందా, తెలంగాణ పన్ను ఎంత పడుతుంది అన్న నాలుగింటికీ ముందే జవాబు దొరికితేనే ఆ చవక చవకవుతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఈ ప్రాంతంలో పాత బండి కొనేవాడికి ఇంతకన్నా ముఖ్యమైన పరీక్ష లేదని నా నమ్మకం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంత నీరు అదే. కిన్నెరసాని గోదావరిలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న మండలం ఇది. ఏరు వెనక్కి తన్ని ఊళ్లను చుట్టుముట్టింది, భద్రాచలం వంతెన మూశారు. రెండేళ్లకు 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఒకేసారి విరుచుకుపడ్డాయి. మనం బండి కొనడానికి వెళ్లే రెండు దగ్గరి బజార్లూ ఒకే రోజుల్లో మునిగాయన్నమాట. ఆ నీళ్లలో నిలబడ్డ వేల బండ్లలో చాలావాటిని బీమా కంపెనీలు టోటల్ లాస్ కింద రాసుకుని వేలం వేస్తాయి. అవి కడిగి, ఎండబెట్టి, పాలిష్ పట్టి మళ్లీ రోడ్డెక్కుతాయి.

మామూలు బండి మునిగితే ఇంజన్ విప్పి, సీట్లు మార్చి వాడుకోవచ్చు. లగ్జరీ బండి వేరు. బ్యాటరీ డిక్కీ నేల కింద, కంప్యూటర్ పెట్టెలు సీట్ల కింద, కార్పెట్ల కింద ఉంటాయి. మోకాలి లోతు నీళ్లు చాలు. ఆ రోజు ఏమీ కాదు. ఏడాది తర్వాత వైరు జాయింట్లలో పచ్చగా తుప్పు పట్టాక ఒకరోజు కిటికీ దిగదు, మరో రోజు బండి స్టార్ట్ కాదు, ఎందుకో ఎవరూ చెప్పలేరు.

బ్రోకరు "అన్నా, బండి కడిగిన ముత్యం, ఒక్క గీత చూపించు" అంటాడు. గీతలు చూడొద్దు. సీటు బెల్టును చివరిదాకా, అది ఇక రాననేదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే ఆ ఆఖరి మూర పట్టీని ఎవరూ కడగరు. అక్కడ బురద గీత అడ్డంగా ఉందంటే నీళ్లు అంత ఎత్తుకు వచ్చినట్టే. తర్వాత ముందు సీటు వెనక్కి జరిపి, సీటు జారే పట్టాల బోల్టులు చూడండి, గోధుమరంగు తుప్పు ఉందేమో. డిక్కీ మ్యాటు లేపి స్టెప్నీ గుంతలో వేలితో తుడిచి చూడండి. మన గోదారి ఒండ్రు సన్నగా పిండిలా ఉంటుంది, మూలల్లో దాక్కుంటుంది. ఏసీ ఆపి, అద్దాలు మూసి, ఎండలో అరగంట నిలబెట్టి డోరు తెరవండి. సెంటు వాసన గుప్పుమంటే మంచి శకునం కాదు.

కాగితాల్లోనూ నీళ్లు కనపడతాయి. బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని ఒక అంకె ఉంటుంది. క్లెయిమ్ లేకపోతే ఏటేటా 20, 25, 35, 45 అంటూ అయిదో ఏడాదికి 50 శాతం దాకా పెరుగుతుంది. 2024 ఆఖర్లోనో 2025లోనో రెన్యువల్ అయిన పాలసీలో అది ఉన్నట్టుండి సున్నా అయిందంటే, ఖమ్మం, విజయవాడ అడ్రసు కూడా ఉందంటే, అడగాల్సిన ప్రశ్న అదే. ఆ బోనస్ ఓనరుది, బండిది కాదు, మనకు బదిలీ కాదు. అయినా ఆ అంకె చెప్పే చరిత్ర మనకు పనికొస్తుంది.

అడవి దారి బండ్లకు ఇంకో పరీక్ష ఉంది, చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. చింతూరు, భద్రాచలం మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలో గంజాయి కేసుల్లో కార్లు పట్టుబడటం కొత్త కాదు. పెద్ద డిక్కీ ఉన్న బండిని చెక్‌పోస్టుల్లో తప్పకుండా తెరిపిస్తారు. డిక్కీ నేల కిందో, వెనక సీటు వెనకో కోసి అతికిన రేకు, కొత్త పుట్టీ కనబడితే బేరం అక్కడే వదిలేయండి. ఆర్సీ నంబరు మీద చలాన్లు, కేసులు ఆన్‌లైన్లో చూసుకోవడం పది నిమిషాల పని.

ఇక నేను ముందు చెప్పిన ఆ రెండు బండ్లు. స్కోడా ఆక్టేవియా, స్కోడా సూపర్బ్. చూడ్డానికి సెడాన్లే. డిక్కీ తెరిస్తే వెనక అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది. 2013లో వచ్చిన మూడో తరం ఆక్టేవియాలో 590 లీటర్లు, 2016లో వచ్చిన సూపర్బ్‌లో 625 లీటర్లు. అరవై లక్షల వీ90లో 560 మాత్రమే. సీట్లు మడిస్తే వ్యాగన్‌కూ వీటికీ ఉన్న తేడా వెనక కాస్త వాలిన అద్దం ఒక్కటే. మంచం పట్టెలు పడతాయి, నిలువు ఫ్రిజ్ పడదు. పెళ్లివారి ముందు పరువూ దక్కుతుంది. సూపర్బ్ వెనక సీటులో కాళ్లు చాపుకునే జాగా చూస్తే ముసలివాళ్లు ఇంకో బండి ఎక్కనంటారు. 2001 నుంచి ఆక్టేవియా ఇక్కడే, ఔరంగాబాద్‌లో బిగించింది కాబట్టి దీన్ని విప్పడం తెలిసిన మెకానిక్కులు వోల్వో కన్నా చాలా ఎక్కువమంది. పదిహేను లక్షల సంచితో వెళ్తే ఆక్టేవియా కొని, మరమ్మతులకూ మిగుల్చుకోవచ్చు. సూపర్బ్ అయితే సంచి దాదాపు ఖాళీ.

అయితే వీటిలో ఒక రకాన్ని వదిలేయాలి. పెట్రోల్ 1.8 ఆటోమేటిక్‌లో ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ ఉంటుంది. ఈ గేర్‌బాక్సు స్కోడా సొంతదారు ఫోక్స్‌వాగన్ గ్రూపును ప్రపంచమంతా వేధించింది. 2013లో ఒక్క చైనాలోనే 3.84 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. అదే ఏడాది చివర మరో 16 లక్షల బండ్లలో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోశారు, వేడి, తేమ ఎక్కువున్న చోట్ల కరెంటు తేడాలొస్తున్నాయని. మే నెలలో కొత్తగూడెం ఎండ, జూలైలో గోదారి తేమ రెండూ తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. మాన్యువల్ గేరు, లేదా రెండు లీటర్ల డీజిల్‌కు ఇచ్చిన ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ, ఈ రెండే చూడండి. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా అడగండి. 2015కు ముందు డీజిల్ బండికి ఇంకో ప్రశ్న ఉంది: ఆ ఏడాది బయటపడ్డ పొగ పరీక్షల మోసం తర్వాత ఈ గ్రూపు మన దేశంలో 3.23 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ సరిచేస్తామంది, ఆ పని ఈ బండికి జరిగిందా?

పెట్రోల్ బండి కొంటే ఇప్పుడు బంకుల్లో ఉన్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనం అని గుర్తుంచుకోవాలి. 2023కు ముందు బండ్లలో చాలావాటిని దాని కోసం తయారు చేయలేదు. బీఎస్6 డీజిల్ అయితే సారపాక నుంచి భద్రాచలం, అక్కడి నుంచి ఇల్లు అన్నట్టు తిప్పితే పొగ ఫిల్టర్ మూసుకుపోతుంది. నెలకోసారైనా ఖమ్మం దాకా ఒక్క పరుగు ఉండాలి.

బీఎండబ్ల్యూ 3 సిరీస్ జీటీ కూడా ఇదే కోవలోది. 2014లో వచ్చింది, వెనక మొత్తం తెరుచుకుంటుంది, 520 లీటర్లు. నడపడానికి స్కోడాల కన్నా బాగుంటుంది, దాచేదేం లేదు. రన్‌ఫ్లాట్ టైర్లు, విజయవాడ ప్రయాణం గుర్తొచ్చి పక్కన పెట్టాను.

ఇంతా విని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఇదంతా ఎందుకు బావా, ఇన్నోవా కొనుక్కో." అది న్యాయమైన మాటే. ఏడుగురు కూర్చోవాలంటే, మారేడుమిల్లి ఘాట్‌లో సామానుతో ఎక్కాలంటే, పాల్వంచలో ఏ షెడ్డుకెళ్లినా పని జరగాలంటే, రేపు అమ్మితే డబ్బు తిరిగి రావాలంటే 2016 తర్వాతి క్రిస్టా డీజిల్ మాన్యువల్‌ను మించింది లేదు. దాని లోపం దాని పేరే. అందరికీ కావాలి కాబట్టి పాతదానికీ కొత్త ధర చెబుతారు. టాక్సీగా తిరిగి, పసుపు ప్లేటు తీయించి, రీడింగ్ తగ్గించిన ఇన్నోవాలు బజారు నిండా ఉన్నాయి. పెడళ్ల రబ్బరు అరుగుదల, డ్రైవరు సీటు అంచు చూస్తే మీటరు చెప్పని కిలోమీటర్లు తెలుస్తాయి. ఇంట్లో అయిదుగురే ఉంటే మాత్రం ఇన్నోవాకు పెట్టే డబ్బులో ఆక్టేవియా కొని మిగిలింది బ్యాంకులో వేసుకోవడం నాకు తెలివైన పని అనిపిస్తుంది.

బేరానికి ఈ రోజులు అనుకూలం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి ఉన్న భారం తగ్గి 40 శాతానికి దిగింది. కొత్త బండి ధర దిగితే పాతది తన ధరకు పట్టుబట్టలేదు. డీలరు దగ్గర కొంటే ఆయన లాభం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ఇంటి ఓనరు దగ్గర కొంటే ఉండదు. అడిగే ధరలో ఆ తేడా కనపడాలి.

డబ్బు చేతులు మారిన రోజే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఆర్‌టీఓ ఆఫీసులో వేయండి. అమ్మినట్టు అమ్మేవాడు తెలపడానికి సొంత రాష్ట్రం బండికి పద్నాలుగు రోజులు, వేరే రాష్ట్రానిదైతే నలభై అయిదు రోజులు గడువు. అమ్మేవాడికీ ఇది అవసరమే. ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవాడిదే బాధ్యతని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. బీమా కూడా పద్నాలుగు రోజుల్లో మన పేరుకు మారాలి. ఆ గడువు జూలైలో పడితే ఇంకా ముందే చేయించండి. గోదావరి మూడో హెచ్చరిక దాటాక దిగువ రోడ్లు తెగిపోతాయి, ఆఫీసుకు వెళ్లడమూ కుదరదు, అప్పటికి బీమా మన పేరుకు మారకపోతే నీళ్ల నష్టం మనమే భరించాల్సి రావచ్చు.